గంజి తాడుతో కట్టిన స్ప్రింగు

మా మామ పోయిన పదహారో రోజు దాటాక ఆయన ఫియట్ కారు మా ఇంటికి వచ్చింది. తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు దాకా చిన్న లారీ మీద, నాలుగు చక్రాలకూ కట్లు కట్టించుకుని, మాట వినని ఎద్దును తోలుకొచ్చినట్టు తెచ్చారు. దాన్ని పెట్టుకోవడానికి చోటు లేదని మామ కొడుకులు ముందే చెప్పేశారు. మామ తాను బతికుండగానే ఆ కారును మా దివ్యకు ఇస్తానని మాట ఇచ్చాడట. దివ్య మా పెద్దవాడి కూతురు. కార్లకు విడిభాగాలు చేసే కంపెనీలో ఉద్యోగం. ఇంట్లో ఇనుము సంగతి తెలిసింది ఆ పిల్ల ఒక్కతికే కాబట్టి ఎవరూ అడ్డం చెప్పలేదు. మా కోడలు మాత్రం బట్టలు ఎక్కడ ఆరేయాలని అడిగింది. కారు మీదే ఆరేయమన్నారు.

దివ్య కారు చుట్టూ మూడుసార్లు తిరిగింది. ముందు చక్రానికీ దాని పైన ఉన్న రేకుకూ మధ్య ఖాళీలో చెయ్యి పెట్టి కొలిచింది. నాలుగు వేళ్ళు పట్టాయి.

"జేజీ, ముందు పక్క రెండించులు దించాల. అప్పురం సూడు, యెట్లుంటాదో."

"యెందుకు దించేది?"

"అందంగా ఉంటాది. ఇప్పుడు తాత మాదిరుండాది."

"తాత బాగనే ఉండె గదా."

"తాత బాగుండె. కారు బాగలేదు."

ఆ కారు ముందు భాగాన్ని ఇంతకు ముందే ఒకసారి దించారు. ఆ పని జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. మామ దాని గురించి ఊరంతా చెప్పాడు గాని, అందులో ఒక ముక్క ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

అప్పటికి నాకు పదహారో పదిహేడో. నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక కాబట్టి, అంతకు ముందు జరిగినవన్నీ పండగలతోనూ, చావులతోనూ, నేసిన చీరలతోనూ గుర్తుపెట్టుకోవాల్సిందే. నేను పెరిగింది తిరుత్తణి దగ్గర మా అమ్మ పుట్టింట్లో. అవ్వ, అవ్వ కొడుకైన మామ, అత్త, రెండు గుంట మగ్గాలు. మా వీధిలో అన్నీ నేతవాళ్ళ ఇళ్ళే. తెల్లవారక ముందే వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పెట్టేవాళ్ళం. పడుగంటే చీర పొడుగుకు సాగే దారాలు. వాటికి గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ఎక్కేలోపు ఆరబెట్టాలి. ఆ గంజి రెండు రోజులు పులవాలి. అందుకని మా ఇంట్లో ఎప్పుడూ ఒక కుండ నిండా పులిసిన గంజి ఉండేది. బంధువులు వస్తే గడపలోనే ముక్కు మూసుకునేవాళ్ళు. మాకు అది వాసన అని కూడా తెలియదు. పెళ్ళయి తిరువళ్ళూరు వచ్చాక, ఇల్లు ఏ వాసనా లేకుండా ఉండేసరికి, ఏదో పోగొట్టుకున్నట్టు నెల రోజులు వెతుక్కున్నాను.

పడుగును రెండు కొసల్లోనూ గుంజలకు లాగి కట్టడానికి తాళ్ళు ఉంటాయి. ఏళ్ళ తరబడి ఆ తాళ్ళు కూడా గంజి తాగుతాయి. ఎండిన తర్వాత అవి కట్టె మాదిరి నిటారుగా నిలబడతాయి. చూసినవాళ్ళు ఎంత గట్టి తాడో అనుకుంటారు. పైన గట్టి, లోపల నార పుచ్చిపోయి ఉంటుంది; గంజి రుచికి ఎలుకలు కొరికి ఉంటాయి. అందుకే అవ్వ వాటిని వేరే మేకుకు తగిలించేది. ఆ మేకు మీది తాడుతో నీళ్ళు చేదకూడదు, ఉయ్యాల కట్టకూడదు, దూడను కూడా కట్టకూడదు. ఇంట్లో నడక వచ్చిన పిల్లకు కూడా ఈ సంగతి తెలుసు. మరిచిపోయినా ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసిపోతుంది.

మామ నేతలో మంచి చెయ్యి. అయినా కూర్చుని చేసే పని మీద ఆయనకు విసుగు పుట్టింది. కొండ మీది గుడికి వచ్చే భక్తులను రైలు స్టేషన్ నుంచి పైకి తీసుకుపోతే బాగుంటుందని ఎవరో చెప్పారు. ఎక్కడో వాడి వదిలేసిన ఫియట్ కారు ఒకటి తెచ్చాడు. అంతకు ముందు దాన్ని వాడిన మనిషి గుంతల రోడ్డుకు తట్టుకుంటుందని ముందు వైపు వేరే ఏదో బండి స్ప్రింగులు, పొడుగాటివి, వేయించాడు. దాంతో కారు ముక్కు పైకెత్తి, వెనక భాగం నేల మీద ఆన్చి, కుక్క కూర్చున్నట్టు ఉండేది. లైట్లు వేస్తే వెలుతురు రోడ్డు మీద పడేది కాదు, చెట్ల కొమ్మల మీద పడేది. స్టీరింగు తిప్పితే కారు కాసేపు ఆలోచించుకుని తిరిగేది. వెనక సీట్లో కూర్చున్న భక్తులకు రోడ్డు కనబడక ఆకాశం మాత్రమే కనబడేది. గుడి రాకముందే దండం పెట్టడం మొదలుపెట్టేవాళ్ళు.

మామ మొదట అవ్వను కొండకు తీసుకుపోవాలనుకున్నాడు. అవ్వ ఎక్కి కూర్చుంది, కాళ్ళు తల కంటే ఎత్తుకు పోయాయి, వెంటనే దిగింది.

"యేంమా, దిగేసినావు?"

"కాళ్ళు పైకి పెట్టి మోసుకుపొయ్యేది ఒగేసారి నాయినా. ఆ పొద్దు యెట్లా యెక్కుతా. ఇప్పటి నుంచే అలవాటు సెయ్యబాక."

అవ్వ ఆ మాట ఎవరికి చెప్పినా అదే ముఖంతో చెప్పేది. వీధిలో వాళ్ళు మామను చూస్తే "పాడె వచ్చె" అనడం మొదలుపెట్టారు. మామకు ఇది బాగా తగిలింది. తిరువళ్ళూరు పోయి బాషా అన్న అనే మెకానిక్‌ను అడిగాడు. బాషా అన్న ఆ కారుకు సరిపోయే అసలు స్ప్రింగులు రెండు గోనెలో చుట్టి ఇచ్చాడు. "బేస్తవారం నేనే వచ్చి యేస్తా. నా క్లాంపు వేరే బండికి పొయ్యుండాది. అది ల్యాకుండా చెయ్యి పెట్టబాక, స్ప్రింగు ప్రాణం తీస్తాది" అని చెప్పి పంపాడు. క్లాంపంటే స్ప్రింగును రెండు వైపులా కొక్కేలతో పట్టి, మర తిప్పి, కొంచెం కొంచెంగా నొక్కి ఉంచే సాధనం.

ఆ ఏడు ఆడి కృత్తిక మంగళవారం వచ్చింది. కావళ్ళు మోసుకుని జనం వేలమంది వచ్చే పండగ. ఆ ఒక్క రోజు కోసమే మామ కారు కొన్నాడని చెప్పినా తప్పు లేదు. కారు మంగళవారం కావాలి, క్లాంపు గురువారం వస్తుంది. మామ రెండు రోజులు దాని చుట్టూ తిరిగి, మూడో రోజు పొద్దున ఒక నిర్ణయానికి వచ్చాడు.

"స్ప్రింగంటే యేంది? బిగువు. పుట్టినప్పటి నుంచి మనం జేసేది యేంది? పడుగు బిగువు పట్టేది. దాన్ని కట్టినోనికి దీన్ని కట్టేది రాదా?"

మగ్గం పట్టనివాడెవడికీ ఈ ఆలోచన రాదు. మా వీధిలో మాత్రం అందరికీ ఇది సబబుగానే తోచింది. ఐదారుగురు మగవాళ్ళు పని మానుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

పద్ధతి ఇదీ. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టారు. ముందు భాగాన్ని పైకెత్తి పాత మగ్గం దూలాల మీద ఆన్చారు. చక్రం విప్పారు. చక్రాన్ని మోసే కింది ఇనుప చెయ్యి కింద జాకీ పెట్టి పైకెత్తితే, కారు బరువుకే స్ప్రింగు నొక్కుకుపోతుంది. అలా నొక్కుకున్నప్పుడు చుట్టల మధ్య తాడు దూర్చి కట్టేయాలి. తర్వాత జాకీ దించితే చెయ్యి కిందికి పోతుంది, స్ప్రింగు కట్టులోనే ఉండిపోతుంది, బయటికి లాగొచ్చు. అంతా తాడు మీద, ముడి మీద ఉంది. ముడి దగ్గరికి వచ్చేసరికి మామ నన్ను పిలిచాడు. మగ్గం మీద తెగిన పోగుకు నేను ముడి వేస్తే చీరలో అది ఎక్కడుందో నాకే కనబడేది కాదు.

"ముడి మా పాప యెయ్యాల. రా మే."

మొదటి వైపు నీళ్ళు చేదే తాడుతో కట్టాం. కొత్త తాడు. నేను మూడు ముళ్ళు వేశాను. స్ప్రింగు బయటికి వచ్చింది. ఇప్పుడు దాని కట్టు విప్పాలి. దగ్గరికి పోయి విప్పకూడదనే తెలివి మామకు ఉంది. దాన్ని మగ్గం గుంటలోకి దించి, పొడుగాటి వెదురుకు కొడవలి కట్టి, దూరం నుంచి తాడు కోశాడు. స్ప్రింగు గుంటలో ఒక ఎగురు ఎగిరి మగ్గం పలకను రెండు చేసింది.

లోపలి నుంచి అవ్వ అడిగింది. "యేందిరా అది?"

"యేం ల్యా మా. విడిపించినా."

బాషా అన్న ఇచ్చిన పొట్టి స్ప్రింగు జాకీతోనే ఎక్కింది. కారు ఒక వైపు దిగింది. అరుగు మీది వాళ్ళు తలలూపారు. రెండో వైపు మొదలుపెడదామంటే నీళ్ళ తాడు ముక్కలై ఉంది.

"ఇంగో తాడు తే మే, బిరీన."

ఇంట్లో ఇంకో తాడంటే ఆ మేకు మీదిది ఒక్కటే. నేను తెచ్చాను. తెస్తూ ఉండగానే దాని వాసన తెలుస్తూ ఉంది. చెబుదామనే అనుకున్నాను. మామ దాన్ని నా చేతిలోంచి తీసుకుని, వంచబోయి, వంగకపోతే అరుగు మీది వాళ్ళకు చూపించాడు. "సూడండి, ఇనుము మాదిరుండాది. దీనికి మా పాప ముడి తోడైతే యేనుగు లాగినా రాదు." అందరూ నా వైపు చూశారు. అంతమంది మగవాళ్ళు నన్ను ఒక పని తెలిసిన మనిషిగా చూడడం అదే మొదటిసారి. నేను నోరు మూసుకుని ముడి వేశాను. మంచి ముడి వేశాను. దాని కంటే మంచి ముడి నేను ఎప్పుడూ వేయలేదు.

మామ జాకీ దించాడు. తాడు నిలిచింది. ఆయన కుడి చెయ్యి లోపల పెట్టి స్ప్రింగును పట్టుకున్నాడు. గుడ్డ పీలిక చింపినంత చిన్న చప్పుడు అయింది. స్ప్రింగు వాకిలి దాటి, అరుగు మీది వాళ్ళ కాళ్ళ ముందుగా పోయి, గంజి కుండను పగలగొట్టి ఆగింది. మామ చేతికి బొటనవేలు, చివరి రెండు వేళ్ళు మిగిలాయి. ఆయన కేక పెట్టలేదు. చేతి వంక చూశాడు, కారు కింద వేలాడే తాడు వంక చూశాడు. ఆయన మొదట అన్న మాట ఇది: "ముడి జార్లేదు."

ఆ కృత్తికకు కారు కదల్లేదు. కావళ్ళు మా వీధి మొదట్లోంచే పోయాయి. మామ కట్టు కట్టిన చేత్తో అరుగు మీద కూర్చుని చూశాడు. కారు ఒక వైపు దిగి, ఒక వైపు దూలాల మీద, చంకలో బిందె పెట్టుకున్న మనిషి మాదిరి నిలబడి ఉంది. గురువారం బాషా అన్న వచ్చాడు. మామ చేతిని చూశాడు. తన క్లాంపులు తీసి స్ప్రింగుకు ఎదురెదురుగా తగిలించి, ఈ వైపు రెండు చుట్లు, ఆ వైపు రెండు చుట్లు తిప్పాడు. రెండు టీలు తాగేంత సేపు పట్టింది.

మామ అడిగాడు. "ఇంతేనా?"

"ఇంతే నాయినా."

చూపుడు వేలు లేకుండా పోగు ముడేయలేరు. మామ ఆ తర్వాత మగ్గంలో దిగలేదు. కారే ఆయన బతుకైంది. మూడు వేళ్ళ చేత్తో స్టీరింగు తిప్పుకుంటూ ఎన్ని వేలమందిని కొండకు చేర్చాడో లెక్క లేదు. ఎవరైనా చేతి సంగతి అడిగితే ఒకటే చెప్పేవాడు. "తాడు తెగె. ముడి మాత్రం జార్లేదు. మా పాప యేసిన ముడి." నా పెళ్ళిలో మా ఆయనకు చెప్పాడు. నా కొడుకులకు చెప్పాడు. ఆయన మెచ్చుకున్న ప్రతిసారీ నేను లేచి లోపలికి పోయి ఏదో ఒక గిన్నె కడిగేదాన్ని. మా ఇంట్లో గిన్నెలు ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయని మా అత్తగారు అనేది. చాలా సార్లు చెప్పేద్దామని తిరుత్తణి బస్సెక్కాను. అక్కడికి పోయాక మామ కాఫీ ఇచ్చేవాడు, ఊరి సంగతులు అడిగేవాడు, సాయంత్రం బస్సెక్కించి పంపేవాడు. ఇప్పుడు ఆయనే పోయాడు.

కారు వచ్చిన వారానికి దివ్య కొత్తవి, పొట్టి స్ప్రింగులు తెప్పించింది. జాకీ తెచ్చింది. పసుపు రంగు నైలాన్ పట్టీలు నాలుగు తెచ్చింది. లారీల మీద సరుకు బిగించేవి.

"ఇవి దేనికి?"

"స్ప్రింగు కట్టేదానికి జేజీ. ఫోన్లో సూసినా, ఒగాయన ఇట్లనే చేసినాడు. రెండు టన్నులు తాళతాది. రొంబ స్ట్రాంగు."

 నోటితో చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అందుకని ఆ మధ్యాహ్నం కూర్చుని కాగితం మీద రాశాను. రెండు పేజీలు వచ్చాయి. తాడు, వాసన, అరుగు మీది వాళ్ళు, నేను నోరు మూసుకున్నది, అంతా రాశాను. దివ్య కంపెనీ నుంచి రాగానే చేతిలో పెట్టాను. అది కాగితాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది.

"జేజీ, ఇది తెలుగు. నాకు తమిళమైతే వస్తాది. నువ్వే చదువు."

అరవై దాటాక నేర్చుకున్న చదువు ఇలా ఉపయోగపడింది. నేను రాసింది నేనే చదవాల్సి వచ్చింది, గట్టిగా. నేను నోరు మూసుకున్న చోటు వచ్చినప్పుడు ఒక వాక్యం దాటేసి కింది వాక్యం చదివాను. దివ్యకు అక్షరాలు రాకపోయినా నా వేలు గీత దాటడం కనబడింది.

"అదేంది, యెగరగొట్టినావు?"

అది కూడా చదివాను.

దివ్య పట్టీని చేతికి చుట్టుకుని, మళ్ళీ విప్పింది. తర్వాత అడిగింది. "తాత కూడా నేతగాడే గదా జేజీ. ఆ వాసన ఆయనకు తెలీదా?"

యాభై ఏళ్ళకు పైగా ఈ ప్రశ్న నాకు తట్టలేదు. మామ ఆ తాడును చేతిలోకి తీసుకున్నాడు. నాకంటే ఇరవై ఏళ్ళు ఎక్కువ ఆ గంజిలో బతికినవాడు. వంచి చూశాడు, అందరికీ చూపించాడు. మంగళవారం కారు కావాలి. ఆయన తెలిసే చెయ్యి పెట్టాడా, లేక కారు మీది ఆశతో ముక్కు పని చేయలేదా, నాకు తెలియదు. ముడి జారలేదని అన్నేళ్ళు చెప్పింది, తాడు సంగతి ఎవరూ అడగకుండా ఉండడానికేమో. అలా అయితే, అది తన కోసమా, నా కోసమా? అడగడానికి మనిషి లేడు. ఈ ఆలోచన నాకు ఊరట ఇచ్చిందని చెప్పలేను. ఒంటరిగా మోసిన బరువును ఇంకొకరు రెండో కొసన పట్టుకుని ఉన్నారని ఆలస్యంగా తెలిస్తే, ముందు కోపమే వస్తుంది.

దివ్య పట్టీలను మళ్ళీ సంచిలో పెట్టేసింది. కంపెనీలో తనతో పనిచేసే అమ్మాయి అన్న దగ్గర క్లాంపులు ఉంటే అడిగి తెచ్చింది. ఆదివారం పొద్దున పని మొదలుపెట్టింది. ఆ రోజు మా వాకిట్లో ఆరుగురు మగవాళ్ళున్నా పక్కకు జరగమని ఒకరికొకరు చెప్పలేదు. ఇప్పుడు ఈ పిల్ల నేల మీద సుద్దముక్కతో గీత గీసి, "దీన్ని దాటి రాబాక" అని నన్ను గీత అవతల కుర్చీలో కూర్చోబెట్టింది. కళ్ళకు అద్దాలు పెట్టుకుంది. వెనక చక్రాలకు దిమ్మెలు పెట్టింది. కారును జాకీ మీద వదలకుండా ఇనుప స్టాండ్ల మీద దించి, భుజంతో నెట్టి, కదలడం లేదని చూసుకుంది. పాత స్ప్రింగును కోసి పొట్టి చేస్తే పని సులువు కదా అని మా కొడుకు సలహా ఇస్తే, మంట పెట్టి కోసిన స్ప్రింగుకు బలం పోతుందని, ఎప్పుడు కూలబడుతుందో తెలియదని చెప్పి పంపేసింది. అన్నీ అయ్యాక బ్రేకు గొట్టం సాగుతోందా, చక్రం పూర్తిగా తిప్పితే రేకుకు రాసుకుంటోందా చూడాలట. చక్రాల వరస, లైట్ల చూపు కూడా సరిచేయించాలట. ఇవన్నీ అయ్యేదాకా రోడ్డెక్కకూడదట. ఇంత జాగ్రత్త ఆ రోజు ఉంటే మామ మగ్గంలోనే ఉండేవాడు, కొన్నాళ్ళకు దాని మీదా విసుగు పుట్టి కారు అమ్మేసేవాడు, ఈ పిల్లకు దించడానికి ఏమీ మిగిలేది కాదు.

దివ్య క్లాంపులు స్ప్రింగుకు ఎదురెదురుగా తగిలించింది. ఈ వైపు రెండు చుట్లు, ఆ వైపు రెండు చుట్లు తిప్పడం మొదలుపెట్టింది.

"ఆపు" అన్నాను.

ఆపింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. "యేంది జేజీ?"

"ఆ కొక్కెం పక్కకు జరిగినట్టుండాది."

వంగి చూసింది. టార్చి వేసి చూసింది. "లేదు జేజీ. సరిగ్గానే ఉండాది."

"సరే, తిప్పు."

తిప్పింది. కాసేపటికి మళ్ళీ ఆపమన్నాను. ఏదో చప్పుడు వినబడిందన్నాను. పక్కింటి వాళ్ళ గేటు. మా కొడుకు లోపలి నుంచి "మా, దాన్ని పని చేసుకోనీ" అని అరిచాడు. దివ్య అటు చూడలేదు. కొక్కేలు మళ్ళీ ఒకసారి తడిమి, నా వైపు తిరిగి, నేను తల ఊపేదాకా ఆగి, ఆ తర్వాతే మర పట్టుకుంది.

మూడోసారి ఆపమన్నప్పుడు ఎందుకు ఆపమన్నానో నాకే తెలియదు. అప్పుడు కూడా ఏమీ లేదు. అప్పుడు కూడా ఆపింది.